యూనిఫాం దర్జీ సంతకం

ఆ ఊళ్లో పోలీసులందరి నడుము కొలతలూ తెలిసినవాడు ఒక్కడే. స్టేషన్‌కు ఎదురుసందులో ఇరవై రెండేళ్లుగా యూనిఫాంలు కుడుతున్న దర్జీ. ఎవరి బొజ్జ ఏ ఏడాది బెల్టు దాటి బయటికొచ్చిందో ప్రభుత్వానికి తెలియకపోవచ్చుగాని అతనికి తెలుసు. పైకి మాత్రం పొక్కనివ్వడు. కొలతలు తీశాక "ఓ అంగుళం వదలనా సార్?" అని మెల్లగా చెవిలో అడుగుతాడు. అందుకే స్టేషన్లో అతని పేరు అంగుళం బాబాయ్.

ఒక మంగళవారం మిట్టమధ్యాహ్నం బాబాయ్ గుండీల పొట్లంతో రోడ్డు దాటుతుండగా, వన్‌వేలో ఎదురుదిక్కు నుంచి ఎస్సైగారు బైకు మీద దూసుకొచ్చారు. తలకు హెల్మెట్ లేదు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఉంది. గుద్దారు. బాబాయ్ కుడి ముంజేయి విరిగింది. పాపం, ఎస్సైగారి బైకు అద్దం కూడా పగిలింది. ఆయన దిగి ముందు అద్దాన్ని, తర్వాత మనిషిని పరామర్శించి, "చూసుకుని నడవొద్దూ?" అని హితవు చెప్పి వెళ్లిపోయారు.

"వాళ్లంతా నేను కుట్టిన బట్ట కట్టుకున్నవాళ్లేనే. నాకు అన్యాయం జరగనిస్తారా?" అన్నాడు బాబాయ్ భార్యతో, ఆసుపత్రి నుంచి వచ్చాక.

"వెళ్లిరండి. వాళ్ల కొలతలు మీకు తెలుసుగాని, మీ కొలతలు వాళ్లకి తెలియవు కదా," అంది ఆవిడ, కట్టు కింద దిండు సర్దుతూ.

స్టేషన్లో మర్యాదకేం లోటు జరగలేదు. కుర్చీ వేశారు. ఫ్యాను అతని వైపు తిప్పారు. టీ తెప్పించారు. ఫిర్యాదులు రాసే రైటర్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి చదివి వినిపించాడు: "ఫిర్యాదుదారుడు పరధ్యానంగా నడుస్తూ, విధి నిర్వహణలో ఉన్న వాహనానికి తన చేతిని తగిలించుకొనెను."

"వన్‌వేలో ఎదురొచ్చారు కదయ్యా?"

"సార్ వస్తే అది ఎదురు రావడం కాదు బాబాయ్. అత్యవసరం."

"ఫోన్లో నవ్వుతున్నారు."

"అత్యవసరంలో నవ్వు రాకూడదా ఏంటి?"

అదే రోడ్డులో ముందు నెల ఎదురొచ్చిన పాలవాడి బండి తొమ్మిది రోజులు స్టేషన్ ఆవరణలో ఎండింది. పాలు అత్యవసరం కిందికి రావు కాబోలు.

"చెయ్యి బాలేదుగా, ఎడమ వేలిముద్ర చాలు," అన్నాడు రైటర్.

"వేలు నాదే. ఆ మాట మాత్రం నాది కాదు," అని బాబాయ్ లేచొచ్చాడు.

తర్వాత విచారణ జరిగింది. విచారణాధికారి ఎస్సైగారితో కలిసి శిక్షణ పొందినవారు కాబట్టి నిష్పాక్షికతకు ఢోకా లేదు. ఇద్దరూ తలుపేసుకుని భోంచేసి నిజాన్ని వెలికితీశారు. వన్‌వే బోర్డు మీద దుమ్ము ఉంది, కనుక తప్పు బోర్డుదే. అయినా చట్టం ఎవర్నీ వదలదు కదా! ఎస్సైగారు నెలరోజులు బడిపిల్లలకు రోడ్డు భద్రత పాఠాలు చెప్పాలని తీర్మానించారు. చెప్పారు కూడా. పేపర్లో ఫోటో పడింది.

ఫైలు మూసేయడానికి బాబాయ్ సంతకమొక్కటే తక్కువ. ఆరుసార్లు పిలిపించారు. వెళ్లిన ప్రతిసారీ కళ్లజోడు పెట్టుకుని, కాగితం మొదటినుంచి చివరిదాకా చదివి, "ఇంకా అబద్ధమే ఉందయ్యా," అని తిరిగి ఇచ్చేసేవాడు.  

ఏడోసారి గదిలో రైటర్ తప్ప ఎవరూ లేరు. అతను పాత కాగితం పక్కకు తోసి, కొత్త తెల్లకాగితం తీశాడు.

"అసలేం జరిగిందో నువ్వే చెప్పు బాబాయ్," అన్నాడు.

బాబాయ్ చెప్పాడు. రైటర్ ఉన్నదున్నట్టు రాశాడు. బాబాయ్ ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాడు. ఒక నకలు చేతికిచ్చి, "జాగ్రత్త," అన్నాడు రైటర్.

వారం తిరక్కుండా రైటర్‌కు బదిలీ అయింది. కారణం, రాతలో తప్పులు. ఈ మొత్తం వ్యవహారంలో డిపార్ట్‌మెంట్ కనిపెట్టగలిగిన నేరం అదొక్కటే.

బాబాయ్ ఆ నకలు పట్టుకుని కోర్టుకెక్కాడు. నాలుగు వాయిదాలు అయ్యాయి. రెండింటికి ఎస్సైగారు రాలేకపోయారు, బందోబస్తు. చెయ్యి కొంచెం వంకరగా అతుక్కుంది. కత్తెర ఇప్పుడు భార్య పట్టింది. ఖాకీ కుట్టనని ఆవిడ మొదటిరోజే తేల్చి చెప్పేసింది. దుకాణంలో ఇప్పుడు నర్సుల కోట్లు వేలాడుతున్నాయి. ఐదో వాయిదా వచ్చే సోమవారం.