ప్రెస్సు సెక్షన్ పిడుగు

సిటీ బస్సు ఆఖరి స్టాపు దాటాక వచ్చే పేటలో ఒకప్పుడు ఒక పంక్ రాక్ బ్యాండ్ ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నమ్మకపోతే పోనివ్వండి. ఉండేది. దాని డ్రమ్ముల వెనక కూర్చున్నది మాత్రం రేకు డబ్బాల ఫ్యాక్టరీలో ప్రెస్సు మీద మూతలు కొట్టే ఆడమనిషి. చిన్నప్పటినుంచీ ఇంటా బయటా ఆమెను పిడుగు అనే పిలిచేవారు. పేరుకు తగ్గ మనిషే.

తల్లి పోయాక తమ్ముణ్ణి ఆమే పెంచింది. వాడు ఇంటింటికీ గ్యాస్ బండలు మోసేవాడు. కింద మెట్ల దగ్గర నిలబడి "గ్యాస్!" అని ఒక్క కేక వేస్తే పై అంతస్తులో నిద్రపోతున్నవాళ్లు కూడా తలుపు తీసేవారు. అంతటి గొంతును బండలకే వాడటం అన్యాయం అనిపించింది బావగారికి. పిడుగు మొగుడికి ఒక సెలూను, ఒక పాత గిటారు ఉండేవి. ఆ గిటారు మీద ఆయనకు కార్డులు, అంటే స్వరాల గుత్తులు, మూడే వచ్చు. "పంక్ పాటకు మూడు చాలు. నాలుగోది వస్తే పొగరు" అనేవాడు.

సెలూను సెలవు రోజున షట్టరు సగం దించి సాధన చేసేవారు. అద్దాలు అదరకుండా వెనక తువ్వాళ్లు కుక్కి, గిరగిరా తిరిగే కుర్చీలో యాంప్లిఫయర్‌ను గిరాకీలా కూర్చోబెట్టేవారు. డ్రమ్ములు ఏదో బడివాళ్లు పారేసినవి. వాటిమీద మోగే పళ్లెం మాత్రం పిడుగు ఫ్యాక్టరీ తుక్కులోంచి రేకు తీసి తన ప్రెస్సు మీదే కొట్టుకుంది. ఫోర్‌మన్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. రాని బస్సు మీద ఒక పాట, లిఫ్టు లేని మేడల మీద ఒక పాట, సూపర్‌వైజర్ దగ్గు మీద ఒక పాట. అన్నీ గబగబా మొదలై గబగబా అయిపోయేవి. పై వాటా ముసలాయన ఒకనాడు లుంగీ ఎగ్గట్టుకుని దిగివచ్చి, "ఏమిటర్రా ఈ రేకు డబ్బాల మోత!" అని గయ్యిమన్నాడు. తమ్ముడి మొహం వెలిగిపోయింది.

"బావా, పేరు దొరికింది!"

అలా ఆ బ్యాండ్ 'రేకు డబ్బాలు' అయింది.

ఇక్కడ ప్రెస్సు పని గురించి ఒక మాట చెప్పాలి. ఆ సెక్షన్‌లో హూటర్ మోగిందంటే, మూత సగం తెగి ఉన్నా సరే, అందరూ రెండు చేతులూ భుజాల పైకి ఎత్తి నిలబడాలి. కరెంటు తీసినప్పుడు ప్రెస్సు ఒక్క దెబ్బ కిందికి పడుతుంది కాబట్టి, చేతులన్నీ కనబడ్డాకే మెయిన్ స్విచ్చి దగ్గరివాడు మిషన్లు ఆపుతాడు. సెక్షన్‌లో అందరూ పెద్దక్క అని పిలిచే ఆమెకు రెండు వేళ్లు తెగిపోయిన నాటినుంచీ అది నియమం. ఏళ్ల తరబడి అలవాటైన చేతులు, అవి చెవి మాటే వింటాయి. బుర్రతో వాటికి పనిలేదు.

టౌన్‌హాల్లో బ్యాండ్ల పోటీ జరిగింది. వీళ్ల వంతు వచ్చింది. పాట మంచి ఊపు మీద ఉండగా మొగుడు ఉత్సాహం ఆపుకోలేక గిటారుతో స్పీకర్ దగ్గరికి వెళ్లాడు. అది అచ్చం హూటర్‌లా కూత పెట్టింది. అంతే, పిడుగు చేతులు రెండూ పైకి లేచాయి. దరువు తెగిపోయింది, గిటారు బిక్కచచ్చిపోయింది, హాలంతా నిశ్శబ్దం. చచ్చాంరా దేవుడా అనుకుంది పిడుగు. ఆ కంగారులో తమ్ముడికి పాట మాటలు ఒక్కటీ గుర్తురాక, నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"గ్యాస్!"

పిడుగు చేతులు దభీమని డ్రమ్ముల మీదికి దిగాయి. హాలు లేచి నిలబడింది. ముందే అనుకుని చేశారనుకున్నారు జనం. మొదటి బహుమతి వీళ్లదే.

ఆ తర్వాత పట్టపగ్గాలు లేవు. ఎక్కడ వాయించినా గిటారు కూతపెట్టగానే జనం కూడా ఆమెతోపాటు చేతులెత్తి, తమ్ముడితోపాటు కేక వేసేవారు. తన చెయ్యి లేస్తే అన్ని చేతులు లేవడం చూసి పిడుగు గుండె పొంగిపోయేది. పొంగదా మరి? పాటల కంపెనీ మనిషి వచ్చి, "పాట మధ్యలో అలా ఆగడమే మీ సొత్తు. ప్రతి పాటలోనూ ఉండాలి" అన్నాడు. సరే అని ప్రతి పాటలోనూ పెట్టారు.

ఒక ఆదివారం పెద్దక్క వినడానికి వచ్చింది. మర్నాడు ఫ్యాక్టరీలో భోజనాల దగ్గర బాక్సు మూత తీస్తూ అంది.

"బాగా కొట్టావే. అందరూ చేతులెత్తి ఒకటే నవ్వులు. నాకే నవ్వు రాలేదు."

పిడుగు చూపు మూత పట్టుకున్న ఆ వేళ్లు తెగిన చేతి మీద పడింది, తన బాక్సు మూసేసింది.

"ఇక ఆ ఆగడం వద్దురా" అంది ఇంటికొచ్చి తమ్ముడితో.

"కంపెనీవాళ్లు శనివారం చూసి సంతకాలు పెడతామన్నారక్కా! ఈ ఒక్కసారికి చెయ్యి."

"ఆ చేతులు ఎందుకు ఎత్తుతామో తెలిసి కూడా ఆటాడుతున్నాం. సిగ్గుగా ఉందిరా."

"నువ్వు సిగ్గుపడు. నేను జన్మంతా బండలు మోస్తాను."

పెంచిన చేతికి ఆ మాట ఎంత తగలాలో అంతా తగిలింది. మొగుడి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. పెళ్లాం వైపు చూస్తే బామ్మర్ది, బామ్మర్ది వైపు చూస్తే పెళ్లాం.

శనివారం గిటారు కూతపెట్టింది. జనం చేతులు లేచాయి. పిడుగు చేతులు కూడా లేవబోయాయి. పళ్లు బిగించి వాటిని డ్రమ్ముల మీదే అదిమిపెట్టింది. మొగుడు ఆగాడు, తమ్ముడు ఆగాడు, ఆమె ఆగలేదు. ఒక్కతే కొట్టింది. చిన్నప్పుడు వీధి అరుగు మీద మొదలెట్టిన దరువు దగ్గరనుంచీ తనకు వచ్చిందంతా కొట్టింది. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. కంపెనీ మనిషి వాచీ చూసుకుని బయటికి నడిచాడు. తమ్ముడు పాట అందుకోలేదు. జనానికి వీపు పెట్టి ఆమె వైపే చూస్తూ నిలబడి, ఆఖరి దెబ్బ పడ్డాక మైకు నేలమీద పెట్టి వెళ్లిపోయాడు. 'రేకు డబ్బాలు' కథ అక్కడితో సరి.

తమ్ముడి నోటిదగ్గర కూడు తీసేసిందని పేటంతా ఆడిపోసుకుంది. వాడు వేరే గది తీసుకున్నాడు, మాటలు మానేశాడు. వాడు లేని ఇంట్లో ఆమె చాలాసార్లు ఏడ్చింది. చేసిన పనికి మాత్రం ఒక్కనాడూ తల దించుకోలేదు.

చాలాకాలానికి, ఆమె మొగుడికి క్యారేజీ తెచ్చిన వేళకు, తమ్ముడు సెలూన్లో కుర్చీలో ఉన్నాడు. మెడచుట్టూ గుడ్డ, సగం కత్తిరించిన తల. లేచి పారిపోయే వీల్లేదు.

"ఆ రోజు కోపంతో నోరు కట్టేసుకున్నావు. పాట అందుకుని ఉంటే ఏం పోయేదిరా?" అంది పిడుగు.

వాడు అద్దంలోంచి ఆమెను చూశాడు.

"కోపం తర్వాత వచ్చిందక్కా. నా వంతు వచ్చిందని తెలుసు. అందుకోబుద్ధి కాలేదు. ఎప్పుడూ నీకు వీపు పెట్టే కదా పాడేవాణ్ణి. నువ్వు కొడుతుంటే చూడటం అదే మొదటిసారి."

మొగుడి కత్తెర ఆగిపోయింది.

"ఆ ముక్క అప్పుడే చెప్పి చావొచ్చు కదరా" అని, వాడి సగం తల పొట్టకు అదుముకుని ఏడ్చేసింది పిడుగు.