నా సంచిలో ఆమె నోటుబుక్కు

నాది కుళ్లుబుద్ధి అని ఒప్పుకోవడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. అదీ ఒక మామూలు నోటుబుక్కు దగ్గర.

శ్రీ సిటీలో మా ఫ్యాక్టరీకి తిరుపతి నుంచి కంపెనీ బస్సు వస్తుంది. పొద్దున్నే అలిపిరి రోడ్డులో ఎక్కితే గంటన్నర ప్రయాణం. ఎక్కినవాళ్లు ఎక్కినట్టే నిద్రపోతారు. నా పక్క సీటు అమ్మాయి మాత్రం నోటుబుక్కు తెరిచేది. ఆమెది చిత్తూరు పక్క పల్లె, డిగ్రీ దాకా తెలుగు మీడియం. నేనేమో ఒకటో తరగతి నుంచీ కాన్వెంటు. ఆ ముక్క రోజుకొకసారైనా ఎవరి చెవిలోనో వేయకుండా ఉండలేను. ఫ్యాక్టరీలో ఇద్దరిదీ ఒకే లైను, ఒకే పని.

ఉన్నట్టుండి మా లైనుకు ట్రైనర్ పోస్టు ఒకటి పడింది. కొత్తగా చేరేవాళ్లకి పని నేర్పాలి, విదేశాల నుంచి వచ్చే ఇంజనీర్లకి ఇంగ్లీషులో వివరించాలి. ఇంటర్వ్యూ మొత్తం ఇంగ్లీషే. అప్లై చేసింది మేమిద్దరమే. ఇంకేముంది, నాదే అనుకున్నాను. లిస్టులో ఆమె పేరు చూసి నవ్వొచ్చింది కూడా.

నేను ఫోనులో యాప్ పెట్టుకుని రోజుకు ఇరవై పెద్ద పెద్ద మాటలకి అర్థాలు బట్టీ పట్టేదాన్ని. సాయంత్రానికి సగం ఎగిరిపోయేవి. ఆమె రోజుకు మూడే నేర్చుకునేది. నోటుబుక్కు నా ఒళ్లో పెట్టి, "నువ్వు అర్థం సదువక్కా, మాట నేను సెప్తా" అనేది. నేను చదవడం, ఆమె కళ్లు మూసుకుని చెప్పడం. ఒక్కటీ తప్పేది కాదు. నెల తిరిగేసరికి నాకు తెలియని మాటలు కూడా ఆమె నోట వస్తున్నాయి. తెలిసినట్టే తలూపేదాన్ని. పాలు పితుక్కునే ఇంటి పిల్లకి ఇంత పొగరేమిటి అనుకునేదాన్ని. పాపం, ఆమెకు పొగరు లేదు. ఉన్నదంతా నాకే.

ఇంటర్వ్యూ వారం ఉందనగా ఆ నోటుబుక్కు అడిగాను. "ఒక్కరోజు ఇయ్యి మే, రాసుకోని రేపు తెచ్చిస్తా."

"తీస్కోపోక్కా, దాన్లో ఏముండాదని" అంటూ ఇచ్చేసింది.

ఇంట్లో తీరిగ్గా చూస్తే అప్పుడు తెలిసింది అసలు కిటుకు. ప్రతి అర్థం కింద, ఊగే బస్సులో నేను పట్టించుకోని చిన్న అక్షరాలతో, ఒక మనిషిని రాసుకుంది. రెటిసెంట్: అడిగితే తప్ప నోరు విప్పని మనిషి. కింద, 'ప్యాకింగులో మూడో కుర్చీ అన్న'. మెటిక్యులస్: చిన్న విషయాన్నీ వదలని మనిషి. కింద, 'స్టోర్సు అమ్మ, గ్లవ్స్ రెండుసార్లు చూసి గానీ ఇవ్వదు'. ఆబ్స్టినేట్: ఎంత చెప్పినా పట్టు విడవని మనిషి. 'మా డ్రైవరన్న, ఎండాకాలంలో కూడా ఏసీ వెయ్యడు.' బస్సంతా అందులో ఉంది. నా కోసం వెతికాను. ముందు చెడ్డ మాటల కింద వెతికాను, తర్వాత మంచి మాటల కింద. ఎక్కడా లేను. తిట్టి రాసినా అంత కోపం వచ్చేది కాదేమో.

మర్నాడు "తెచ్చినావాక్కా?" అని అడిగింది.

"అయ్యో, మరిచిపోయినా మే" అన్నాను. నోటుబుక్కు నా ఒళ్లో, టిఫిన్ సంచిలోనే ఉంది. రోజూ ఇచ్చేద్దామనే పెట్టుకొచ్చేదాన్ని. ఆమె అడగగానే నోటికి అబద్ధమే వచ్చేది. అలా వారమంతా గడిపేశాను.

ఇంటర్వ్యూలో లైనులో పనిచేసేవాళ్లకి పని ఎలా నేర్పుతావని అడిగారు. నేను బట్టీ పట్టినవన్నీ గడగడా అప్పజెప్పాను. ఆమె తడుముకుంటూనే, నోరు విప్పని అన్నకి ఎలా చెప్పాలో, పట్టు విడవనివాళ్లని ఎలా దారికి తేవాలో చెప్పిందట. పోస్టు ఆమెకే వచ్చింది.

సాయంత్రం బస్సులో నోటుబుక్కు తీసి ఇచ్చాను. "ఈరోజే గుర్తొచ్చింది మే" అన్నాను.

"రోజూ నీ సంచిలో కనిపిస్తానే ఉన్నింది కదక్కా" అంది మెల్లగా. "ఈ పొద్దన్నా ఇస్తావేమోనని అడగతా వచ్చినా."

మాట మార్చడానికి, "అందర్నీ రాసినావు, నన్ను రాయలేదే" అన్నాను.

"నువ్వు సదివిపెడతాంటివి కదా, నీకు కనిపిస్తాదని సిగ్గేసి రాయలేదు."

"ఇప్పుడు రాస్తావా?"

నోటుబుక్కు మూసి బ్యాగులో పెట్టుకుంది. "రాయన్లే అక్కా" అంది.

ఆమె నన్ను ఏ చెడ్డ మాట కిందో రాసి దులిపేసి ఉంటే నేనూ నాలుగు మాటలు అని తేలికపడేదాన్ని. పోస్టు పోయింది, సరే. ఆ మంచితనం కూడా ఆమెకే ఉందే అని, అంత సిగ్గులోనూ నాకు కుళ్లుగానే ఉండింది.