బొమ్మలు మా ఇంట్లో, జనం డాక్టరు గారింట్లో

ఇంటర్నెట్ ఇంట్లోకి రావాలంటే ఇంట్లోవాళ్లు ఫోను పెట్టేయాల్సిన కాలం ఒకటుండేది. అమెరికాలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగువాళ్ల ఇళ్లన్నిటా ఫోను లైను ఒక్కటే. దాన్ని ఇండియా కాల్ కోసం ఖాళీగా ఉంచాలి, కాల్ వచ్చినా రాకపోయినా సరే. అందుకని ఇంట్లో కంప్యూటర్ ఉన్నా పిల్లలకి ఇంటర్నెట్ అంటే నాన్న ఆఫీసులో ఉండే వస్తువు. నేనప్పుడు కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో కొలతలు సరిచూసే ఉద్యోగంలో ఉన్నాను. కంప్యూటర్ చదువు చదివినవాణ్ని కాదు. వెబ్ పేజీలు చేయడం నాకు నేనే నేర్చుకున్నాను, వెంట్రుకవాసి తేడా పట్టేవాడికి ఇదొక లెక్కా అన్న ధీమాతో. (ఆ ధీమాలో ఇప్పటికీ తరుగు లేదని మా ఆవిడ అంటుంది. మెచ్చుకోలుగా మాత్రం కాదు.)

తెలిసిన వాళ్ల పిల్లల్ని ఆరుగురిని పోగేసి శనివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్‌లో క్లాసు మొదలుపెట్టాను. ఉన్నది ఒక్కటే కంప్యూటర్. ఒకరు టైప్ చేస్తుంటే మిగతావాళ్లు గ్రాఫు కాగితం మీద తమ పేజీ గీసుకోవాలి: బొమ్మ (ఇంటినుంచి తెచ్చుకున్న ఫోటో) ఎన్ని గళ్లు, అక్షరాలు ఎన్ని గళ్లు, అంచు ఎంత. వాళ్లేమో గులాబీ రంగు మీద పసుపు అక్షరాలు పెట్టి, అవి మిణుకుమిణుకుమంటూ పరిగెత్తాలనేవాళ్లు. "ముందు కొలత, తర్వాత పరుగు" అనేవాణ్ని నేను.

ఆ శనివారం గంట మీద ఇంకొకరి కన్నుంది. మా అందరికంటే చాలా ఏళ్లు ముందు వచ్చి స్థిరపడ్డ డాక్టరు గారు, పిల్లల చదువు విషయంలో మాకు ఆయన మాటే మాట. ఆయనకి ఆ గంటలో స్పెల్లింగు పోటీలకి తర్ఫీదు ఇవ్వాలని ఉంది. "ఏమయ్యా, క్లాసులన్నీ అయ్యాక మా బేస్‌మెంట్‌లో అందరికీ చూపించు. బాగుందా, శనివారాలు నీవి. లేదా, నావి" అన్నారు. నేను సరేనన్నాను. పిల్లల మొహాలు పాలిపోయాయి. "అంకుల్, ప్లీజ్, స్పెల్లింగ్ వద్దు" అని అందరికంటే చిన్నదైన చిట్టి నా చొక్కా పట్టుకుంది. "నా లెక్క తప్పదమ్మా" అన్నాను.

చూపించాల్సిన రోజుకి ముందురోజే పేజీలన్నీ ఇంటర్నెట్‌లోకి ఎక్కించి, ఒకటికి మూడుసార్లు తెరిచి చూసుకున్నాను. ప్రతి బొమ్మా గీత గీసినట్టు తన చోటులో కూర్చుంది. శనివారం డాక్టరు గారి ఇంటి అడుగునున్న ఆ బేస్‌మెంట్‌ హాల్లో పులిహోర, గారెలు, మడత కుర్చీల్లో తల్లిదండ్రులు. డాక్టరు గారి కంప్యూటర్ తెర ప్రొజెక్టర్‌తో గోడమీద పడింది. చిట్టి పేజీ తెరిచాను. గులాబీ రంగు వచ్చింది, పసుపు అక్షరాలు వచ్చాయి, బొమ్మ ఉండాల్సిన చోట ఒక ఖాళీ డబ్బా, దాని మూలన ఎర్రటి ఇంటూ గుర్తు. ఇంకో పేజీ తెరిస్తే ఇంకో ఇంటూ.

"ఇంటర్నెట్ అంటే ఇదేనటయ్యా? పరీక్ష పేపర్ దిద్దినట్టుంది" అన్నారు డాక్టరు గారు.

అప్పుడు వెలిగింది. పేజీలో బొమ్మ ఉండదు, బొమ్మ ఎక్కడుందో చెప్పే చిరునామా ఉంటుందంతే. నేను పిల్లలందరి చేతా ఎంతో శ్రద్ధగా రాయించిన చిరునామా మా ఇంట్లో కంప్యూటర్‌ది. దాంట్లోనే తెరిచి చూసుకున్నాను కాబట్టి మూడుసార్లూ బ్రహ్మాండంగా కనబడ్డాయి! పేజీలు ఊరంతా తిరిగాయి, బొమ్మలు మాత్రం మా ఇల్లు కదల్లేదు.

నేను మౌసుతో ఆ ఇంటూల మీద నొక్కుతూనే ఉన్నాను. ఇంతలో చిట్టి లేచి గోడ దగ్గరికి వెళ్లి ఖాళీ డబ్బా మీద వేలు పెట్టింది.

"ఇది మా అమ్మమ్మ. షి ఈజ్ సో మ్యాడ్. ఎందుకంటే తాతయ్య ఆవిడ గ్లాసెస్ మీద కూర్చుంది. గ్లాసెస్ ఇక్కడ, కింద."

"ఎక్కడ?" అంటూ డాక్టరు గారు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని ముందుకి వంగారు, ఆ ఖాళీ డబ్బాలోకి.

"ఇక్కడ అంకుల్. కొంచెం విరిగింది."

"అయ్యయ్యో" అన్నారాయన.

ఇక పిల్లలు ఆగలేదు. పొడుగ్గా ఉంటాడని మేం నిచ్చెన అని పిలిచే పిల్లవాడు తన డబ్బా చూపించి, "ఇది మా డాడ్ కార్. స్నోలో స్టక్ అయింది. డాడ్ కార్ కింద ఉన్నాడు" అన్నాడు.

వెనక వరసలోంచి వాళ్ల నాన్న లేచాడు. "నేను కింద లేన్రా! వెనకనుంచి తోస్తున్నాను!"

"ఫోటో నాది డాడ్. నేను చెప్తా."

బేస్‌మెంట్ గొల్లుమంది. చివరి డబ్బా అయ్యేసరికి గారెలు చల్లారాయి, ఎవరూ పట్టించుకోలేదు. డాక్టరు గారు లేచి, "శనివారాలు నువ్వే ఉంచుకోవయ్యా. కానీ ఆ అమ్మమ్మ కోపం నేను కళ్లారా చూడాలి" అన్నారు. పిల్లలు కుర్చీలెక్కి గంతులేశారు.

మరుసటి శనివారానికి బొమ్మల్ని కూడా ఇంటర్నెట్‌లోకి ఎక్కించి చిరునామాలు మార్చాను. ఈసారి ఆఫీసులో చూశాను, లైబ్రరీలో చూశాను. మళ్లీ అదే బేస్‌మెంట్, అదే జనం. బొమ్మలన్నీ గళ్ల లెక్క తప్పకుండా వచ్చి నిలబడ్డాయి. చిట్టి అమ్మమ్మ ప్లాస్టిక్ కుర్చీలో, ఇస్త్రీ చీరలో, కెమెరా వైపు చూస్తూ చక్కగా నవ్వుతోంది. కళ్లజోడు ముక్కుమీదే ఉంది.

"ఇదేనా?" అన్నారు డాక్టరు గారు, నిరాశగా. "కోపం ఏదమ్మా?"

"ఫోటో కదా అంకుల్, అందుకని నవ్వింది. కోపం తర్వాత" అని ఆయనకి సర్దిచెప్పి, చిట్టి నా వైపు తిరిగింది. "లాస్ట్ వీక్ బావుంది అంకుల్."

"అప్పుడసలు బొమ్మలే లేవు కదమ్మా!"

"యా" అంది, ఇంత పెద్దవాడికి ఇది కూడా చెప్పాలా అన్నట్టు చూస్తూ.

నాకు రోషం వచ్చింది. ఇంత కచ్చితంగా చేసి చూపిస్తే ఇదేం మాట అని కారులో దారిపొడుగునా మా ఆవిడతో వాదించాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకుంది. ఎందుకు నవ్విందో నాకు తెలిసొచ్చేసరికి ఆ పిల్లలకి పెళ్లిళ్లయిపోయాయి.