పొగగొట్టం లేని షెడ్డు

కోమల మెట్‌పల్లిలో ఇత్తడి గంటలు పోసే ఇంటి కోడలు. పెళ్లయిన ఏడాదే మట్టి అచ్చులు చేయడం, కొలిమి ఊదడం నేర్చుకుంది. అప్పుడు కొలిమి ఇంటి వెనక, ఆరుబయట ఉండేది. ఇత్తడి కరిగేటప్పుడు లేచే తెల్లటి పొగ గాలికి కొట్టుకుపోయేది.

చుట్టూ మేడలు లేచాక ఆ పొగ జనానికి పడలేదు. ఫిర్యాదులు పెరిగి, చివరికి గంటలు పోసేవాళ్లందరినీ ఊరి బయట రేకుల షెడ్లలోకి పంపారు. ప్రతి షెడ్డుకూ పొగగొట్టం పెడతామన్నారు. పెట్టలేదు.

పొగ లోపలే తిరిగేది. తొలి ఎండాకాలం దాటకముందే ఆమె భర్త కైలాసానికి దగ్గు పట్టుకుంది. ఇత్తడి పోసిన ప్రతిరోజూ సాయంత్రానికి చలిజ్వరం. పొగకు దూరంగా ఉండమన్నాడు డాక్టర్.

"నేను పోకుంటే గంటలెవరు పోస్తరు?" అన్నాడు కైలాసం.

కోమల మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగింది. వెళ్లినప్పుడల్లా గొట్టాలు మంజూరయ్యాయనే చెప్పారు. విసిగిపోయి ఒకరోజు గడ్డపారతో వెనకవైపు రేకు ఊడబెరికింది. మర్నాడే షెడ్ల బాధ్యత చూసే రాంచందర్ వచ్చాడు.

"సర్కారు షెడ్డు ఖరాబు చేస్తవా? ఎవర్నడిగి తీసినవ్?"

"గొట్టం ఎప్పుడు పెడ్తరో చెప్పుండ్రి సారూ, గప్పుడే మళ్ల బిగిస్త."

అతను బండెక్కి వెళ్లిపోయాడు.

కైలాసం దగ్గు కొంచెం తగ్గింది. కానీ షెడ్డు వెనకే హనుమండ్లు అనే రైతు కళ్లం ఉంది. ఉడికించి ఆరబోసిన పసుపు మీద బొగ్గు మసి పడింది. అతను దోసెడు కొమ్ములు తెచ్చి ఆమె ముందు పోశాడు.

"గిదేందక్కా? మార్కెట్ల గీ పసుపు ఎవడు కొంటడు?"

మెట్‌పల్లి వీధిలో ఇరుగుపొరుగు ఇలా అడిగినప్పుడు ఆమె గట్టిగా తగవాడింది. ఇప్పుడు ఒక కొమ్ము తీసి కొంగుతో తుడిచి చూసింది. కొమ్ములు నిజంగానే నల్లబడ్డాయి.

"నాతోని ఆఫీసుకు రా తమ్మీ. నేనొక్కదాన్ని చెప్తే ఇంటలేరు."

ఇద్దరూ కలిసి వెళ్లారు. వచ్చే ఏడు చూద్దామన్నారు అక్కడ.

ఇప్పుడు కైలాసం కొలిమి దగ్గరికి రావడం లేదు. బయట కూర్చొని గంటలకు ఆకురాయి పట్టి నునుపు చేస్తున్నాడు. కొలిమి పని కోమలదే. గాలి రోడ్డు వైపు వీస్తేనే వెలిగిస్తానని హనుమండ్లుకు మాటిచ్చింది.

నిన్న మూస అనే మట్టిపాత్రలో ఇత్తడి సగం కరిగేసరికి గాలి కళ్లం వైపు మళ్లింది. అక్కడ పసుపు ఆరబోసి ఉంది. ఆమె కొలిమి పంకా ఆపి బొగ్గుల మీద మట్టి పోసింది. ఇత్తడి మూసలోనే గడ్డకట్టి, మూస నిలువునా పగిలింది.

"ఏమైందే?" అన్నాడు బయటి నుంచి కైలాసం.

"ఏమైతది? మూస పలిగింది" అంటూ పట్టకారును మూలకు విసిరేసింది.