అన్న మాట మీద చేసిన టెంప్లేట్

ఆ మనిషిని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏళ్ళ తరబడి అన్నా, అన్నా అని వెంట తిరిగాను. రాఖీలు కూడా కట్టాను.

వికారాబాద్‌లో పప్పుల వ్యాపారం చేసే ఒక కంపెనీలో కంప్యూటర్ల పని చూసేది మేమిద్దరమే. ఆయన సీనియర్, నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నదాన్ని. తాండూరు బ్రాంచిలో పాత కంప్యూటర్లు తీసేసి, బల్ల మీద ఒక చిన్న డబ్బా, తెర మాత్రం ఉంచి, అసలు కంప్యూటర్లను వికారాబాద్ సర్వర్‌లోనే నడపాలని పైవాళ్ళు నిర్ణయించారు. దానికి ముందుగా ఒక టెంప్లేట్ కావాలి. అంటే అన్నీ సర్దిపెట్టిన ఒక కంప్యూటర్. దాన్ని చూసి సర్వర్ ఎన్ని కావాలంటే అన్ని నకళ్ళు తీస్తుంది. ఆ టెంప్లేట్ నా వంతుకు వచ్చింది.

ఆ పనంటే నాకు ఇష్టం, దాచుకోవడం ఎందుకు! విండోస్ వేసి, అప్‌డేట్లు పూర్తిచేసి, ఎవరూ అడగని ఆటల్నీ ప్రకటనల్నీ పీకేశాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్లు, తెలుగు కీబోర్డు, సరిహద్దు అవతలి వ్యాపారులకు ఉత్తరాలు రాయాలి కాబట్టి కన్నడ కీబోర్డు కూడా పెట్టాను. చివరికి ఆ కంప్యూటర్ సొంత పేరూ గుర్తింపూ చెరిపేసి మూసేయాలి. లేకపోతే నకళ్ళన్నీ ఒకే మొహంతో, కంపెనీ కంప్యూటర్లన్నిటినీ ఒక్కచోట నడిపే డొమైన్‌లోకి వచ్చి తన్నుకుంటాయి. మొదట ఆ తన్నులాట కూడా చూశాను, తర్వాత కుదిరింది.

ఇందులో మెలిక ఒక్కటే. మనిషి సాయంత్రం లాగౌట్ కాగానే ఆ నకలు చెరిగిపోతుంది. మర్నాడు కొత్తది పుడుతుంది. కాబట్టి ఎవరి ఫైళ్ళు వాళ్ళకు సర్వర్‌లో విడిగా ఒక చోట దాగేలా డొమైన్‌లో ఒక రూలు పెట్టాలి. అది అన్న చేయాల్సిన పని. తాండూరు వెళ్ళే రైల్లో అడిగాను.

“అన్నా, ఫైళ్ల రూలు అందరికి పెట్టినవా? ఆ బ్రాంచోళ్లు అన్నీ తెర మీదనే పెట్టుకుంటరు.”

“అయిపోయింది చెల్లె, ఫికర్ జేయకు” అన్నాడు నా డబ్బాలోని అటుకులు తింటూ.

నేను గుడ్డిగానూ నమ్మలేదు. బ్రాంచికి వెళ్ళాక నా ఖాతాతో ఒక ఫైలు దాచి, లాగౌట్ అయి, మళ్ళీ లోపలికెళ్ళి చూశాను. చక్కగా ఉంది.

ఆ బ్రాంచిలో ఉత్తరాలు రాసే అక్క ఒకామె ఉంది. యాలాల్ దగ్గర ఊరు, అమ్మగారి పుట్టిల్లు కర్ణాటక వైపు. చదువు రాని ఆ తల్లి కన్నడంలో ప్రార్థన పాటలు పాడేదట. ఆమె మంచాన పడ్డాక అక్క పక్కన కూర్చుని విని, మర్నాడు భోజనాల వేళ ఆఫీసులో గుర్తున్నంత వరకూ టైపు చేసుకునేది. తల్లి పోయింది. పాటలు ఒక ఫోల్డర్‌లో మిగిలాయి. దాన్ని పాత కంప్యూటర్ నుంచి కొత్త తెర మీదికి నేనే ఎక్కించాను.

“గివి పోవు గదా బిడ్డ?” అని అడిగింది అక్క.

నేను అన్న వైపు చూశాను. ఆయన పోవని తల ఊపాడు. “పోవక్కా” అన్నాను. పాత కంప్యూటర్ల డిస్కుల్లో ఉన్నదంతా ఆ సాయంత్రమే ఆయన తుడిచేశాడు.

మర్నాడు అక్క తెర ఖాళీగా ఉంది. ఎక్కడికి పోతుందిలే అని నవ్వుతూనే వెతకడం మొదలుపెట్టాను. సర్వర్‌లో చూస్తే ఫైళ్ళ చోటు రెండు ఖాతాలకే ఉంది. ఒకటి నాది, ఒకటి ఆయనది. సర్వర్‌లో జాగా చాలక రూలును మా ఇద్దరి దగ్గరే ఆపేశాడని అప్పుడు అర్థమైంది. నా పరీక్ష ఎందుకు నెగ్గిందో కూడా అప్పుడే అర్థమైంది.

వికారాబాద్ నుంచి పెద్దసారు ఫోన్ చేసి, స్పీకర్‌లో, అందరూ వింటుండగా ఇదేమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అన్న అందుకున్నాడు.

“టెంప్లేట్ మొత్తం ఆమెనే జేసింది సార్. జర సూస్కోమ్మా అని నేను జెప్పిన గూడ.”

అక్క నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కుర్చీ అటు తిప్పుకుని ఆ ఖాళీ తెర ముందే కూర్చుంది.

తిరుగు రైల్లో ఆయన్ని కడిగేశాను. “అయిపోయిందన్నది నువ్ గాదా? అంతమంది ముందట నా పేరెట్ల జెప్పినవ్?”

ఆయన మొహంలో సిగ్గన్నది లేదు. “నా పేరొస్తే నా నౌకరి పోతుండె చెల్లె. నిన్నయితే చిన్నపిల్ల అని ఇడిసిపెడ్తరు. బయటోళ్ల పేరు జెప్తే లొల్లి జేస్తరు. నువ్ మనదానివి గదా అని జెప్పిన.”

“అక్కకన్న నిజం జెప్పు.”

“జెప్తలే, నిమ్మలంగ” అన్నాడు. ధారూర్ దాటేసరికి నిద్రపోయాడు. నటన కాదు, గురక కూడా పెట్టాడు. ఆ గురక వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆయన చెప్పేదాకా ఆగడం నా వల్ల కాలేదు. మర్నాడు మధ్యాహ్నం అక్కకు ఫోన్ చేశాను. ఆ పాటలు నేను తెచ్చివ్వలేను. నేను అబద్ధమాడలేదని మాత్రం ఆమెకు తెలియాలి, అంతే. రూలు సంగతి, రైల్లో మాట, ఆయన తల ఊపిన సంగతి, అన్నీ చెప్పాను. అక్క అంతా విని నెమ్మదిగా అంది.

“పొద్దుగాలనే ఫోన్ జేసిండు బిడ్డ, మీ అన్న. నువ్ జేస్తవని, గిదంత ఆయన మీదికే నూకుతవని జెప్పిండు. చిన్నపిల్ల, కోపం బెట్టుకోకుండ్రి అన్నడు.”