మోమియాయి శాంపిల్

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక చలికాలం మొదట్లో, నన్ను పాతబస్తీకి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. మొదటి వారంలోనే లాల్‌దర్వాజా నుంచి యాదమ్మ ఏడుస్తూ ఆఫీసుకొచ్చింది.

"ఎనిమిది రోజుల సంది మా ఆయనకు మనిషిని తినవెట్టిన సారూ!"

ఆమె భర్త నర్సయ్య తాపీమేస్త్రీ, కాలు విరిగి మంచంలో ఉన్నాడు. పత్తర్‌గట్టిలో గౌస్ సాహెబ్ యునానీ దుకాణంలో ఆమె ఎముకలు అతకడానికి వాడే మోమియాయి అనే నల్లటి మందు కొన్నది. అది ఈజిప్టు మమ్మీల, అంటే వేల ఏళ్ల నాటి శవాల, పొడి అని పక్కింటావిడ ఫోన్‌లో చూసి చెప్పిందట.

నేను వెళ్లేసరికి దుకాణం ముందు జనం పోగయ్యారు. "నేను మందులోణ్ణి సాబ్, కసాయిని కాదు," అన్నాడు గౌస్ సాహెబ్. డెబ్బై ఏళ్ల మనిషి. పద్ధతి ప్రకారం శాంపిల్ తీసి, భాగాలు చేసి సీలు వేశాను. ఒకటి ఆయనకే ఇచ్చి, ఒకటి ప్రభుత్వ ల్యాబ్‌కు పంపాను. రిపోర్టు వచ్చేదాకా ఆ మందు అమ్మకం ఆపించాను. మిగతా మందులకూ ఎవరూ రాలేదు.

ఈలోగా పాత పుస్తకాలు తిరగేశాను. మోమియాయికి మూలమైన పారసీ మాట మూమియా, అంటే కొండరాళ్ల నుంచి కారే నల్లటి జిగురు. విరిగిన ఎముకలకు వాడేవారు. ఐరోపావాళ్లు ఆ పేరును ఈజిప్టు శవాల నల్లపూతకు అంటగట్టి, చివరికి శవాలనే పొడి కొట్టి మింగారు. రాజులు సైతం మింగారట. గిరాకీ పెరిగాక కొందరు వర్తకులు నిన్నమొన్న చచ్చినవాళ్లను ఎండబెట్టి పాత శవాలని అమ్మారు. మా శాఖ భాషలో అది నకిలీ మందు.

"ఖనిజ పదార్థం, జంతు కణజాలం లేదు" అని రిపోర్టు వచ్చింది. వాళ్లింటికి వెళ్లి చదివి వినిపిస్తే, ఆ మాటలు అర్థంకాక యాదమ్మ ఇంకా భయంగా చూసింది. అప్పుడు కథంతా చెప్పాను.

"అంటే తిన్నది తెల్లోళ్లా? మనం కాదా?"

"మీ ఆయన తిన్నది రాతి జిగురమ్మా."

మంచం మీది నుంచి నర్సయ్య అన్నాడు: "నేను మొదటి దినమే చెప్పిన సారూ, తారు వాసనొస్తుందని. ఇంటేనా?"

ఆ సాయంత్రం యాదమ్మ పత్తర్‌గట్టి వెళ్లి, అందరి ముందూ "తప్పయింది భాయ్" అన్నదట. జనం మళ్లీ రావడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

ల్యాబ్ రిపోర్టు కోర్టుకు సరిపోతుంది, భయపడ్డ మనిషికి సరిపోదు. తర్వాత ఏ ఫిర్యాదుకు జవాబిచ్చినా, రిపోర్టు కింద నాలుగు ముక్కలు మామూలు తెలుగులో రాశాను.