ప్రిస్కిల్లా చదివిన ఏడో అధ్యాయం

పొద్దున పదింటికి యూనివర్సిటీ గ్రంథాలయంలో రిఫరెన్సు విభాగం తలుపు తీయగానే ప్రిస్కిల్లా చేసే మొదటి పని, 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డును తడిగుడ్డతో తుడవడం. ఇరవై రెండేళ్లుగా తుడుస్తోంది. బోర్డు మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. గొంతులు మాత్రం అరగలేదు.

ఆ విభాగంలో ఆమె అటెండరు. కాగితాల ప్రకారం ఆమె పని పుస్తకాలు అందించడం. అసలు పని 'ష్' అనడం. బాపట్ల దగ్గర మిషన్ స్కూలు టీచరు గారి అమ్మాయి కాబట్టి ఆ 'ష్' ఆమెకు వారసత్వంగా వచ్చింది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "పుస్తకాలు అడ్డొచ్చాయండీ" అంటుంది. అడిగినవాళ్లు నవ్వాలో జాలిపడాలో తేల్చుకునేలోపు అక్కడినుంచి వెళ్లిపోతుంది.

తార్నాక నుంచి లాలాపేట్ వెళ్లే దారిలో ఒక సందులో, రెండో అంతస్తులో ఆమె గది. "చాలా కామ్ ఏరియా అమ్మా" అని చెప్పి ఓనరు అద్దెకిచ్చాడు. ఆయన ఆ మాట అన్నది వీధి మొత్తం కరెంటు పోయిన మధ్యాహ్నం.

ఈ కథంతా ఒక శనివారం సాయంత్రం మొదలైంది. పరశురాం చేతికర్ర తాటించుకుంటూ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఎం.ఏ. హిస్టరీ విద్యార్థి. పుట్టుకతోనే చూపు లేదు. పాఠ్యపుస్తకాలన్నీ ఎవరో ఒకరు చదివి రికార్డు చేసిస్తే విని చదువుకుంటాడు.

"అక్కా, చెరువుల మీదున్న ఏడో అధ్యాయం ఒక్కటే మిగిలింది. సోమవారం పొద్దున్నే పరీక్ష. పోయినసారి గీ పేపరే పోయింది. ఈసారి గూడ పోతే హాస్టల్ ఖాళీ చెయ్యమంటరు."

"ఫోను చదివి పెడుతుంది కదా ఇప్పుడు?"

"పాత అచ్చు అక్కా. ఫోన్ సగం చదువుతది, సగం మింగుతది. నాకు మింగినదే పరీక్షల వస్తది."

ముప్పై ఎనిమిది పేజీలు. జిరాక్సు తీయించి సంచిలో పెట్టుకుంటూ ప్రిస్కిల్లా అంది: "రేపు ఆదివారమేగా పరశురాం! ఇంట్లో ప్రశాంతంగా కూచుని రికార్డు చేసి, మధ్యాహ్నానికల్లా పంపేస్తాలే."

ఆ సందులో ఏళ్లతరబడి కాపురమున్న మనిషి అనాల్సిన మాట కాదు.

ఆదివారం ఐదున్నరకే లేచింది. కిటికీలు మూసింది. ఫ్యాను ఆపింది. ఫోను దిండు మీద పెట్టి, "ఏడో అధ్యాయం" అంది. కింద బోరు మోటారు ఆన్ అయింది. ట్యాంకు నిండి నీళ్లు రోడ్డు మీదికి పారుతున్నా చాలాసేపు ఎవరికీ పట్టలేదు, చివరికి ఎవరో ఆపారు. మళ్లీ "ఏడో అధ్యాయం" అంది. చెత్త బండి వచ్చింది. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయడం గురించి మైకులో చెప్పి, రెండూ ఒకే బుట్టలో వేసుకుని వెళ్లింది. ఎనిమిదింటికి టమాటా బండి. అమ్మే మనిషి నోరు విప్పడు. రికార్డు చేసిన గొంతు స్పీకరులోంచి అదే పనిగా అరుస్తుంది. అతను రికార్డు చేసుకోవడానికి ఏ ఊళ్లో నిశ్శబ్దం దొరికిందో అడుగుదామనుకుంది.

తొమ్మిదింటికి ఐదున్నర పేజీలయ్యాయి. అప్పుడు డాబా మీద రేకుల షెడ్డులో ఆరాధన మొదలైంది. ఒక కీబోర్డు, డ్రమ్స్, మంచం సైజు స్పీకర్లు రెండు. వచ్చేవాళ్లు పద్దెనిమిది మంది. ప్రిస్కిల్లా వెళ్లేది వేరే చర్చికి. ఆ రోజు పాఠం కోసం అది కూడా మానుకుంది. గంట ఓపికపట్టి, జిరాక్సు కాగితాలు చేత్తో పట్టుకునే మెట్లెక్కింది.

"వందనాలు అయ్యగారూ. కాస్త సౌండు..."

పాస్టరు సామేలు ముఖం వెలిగిపోయింది. "వందనాలు చెల్లెమ్మా! ఎన్నాళ్లకి మెట్లెక్కావు! కుర్చీ వెయ్యండర్రా."

ఆమె అంతా వివరంగా చెప్పింది. చూపు లేని విద్యార్థి, రేపు పరీక్ష, రికార్డింగు, శబ్దం. సామేలు శ్రద్ధగా విన్నాడు. అర్థం చేసుకున్నాడు కూడా. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిజమే చెల్లెమ్మా, ఈ సందులో శబ్దం భరించలేకుండా ఉంది. ఆ టమాటా బండి, ఆ చెత్త బండి, ఆ మోటారు! ఇప్పుడే ప్రార్థన చేద్దాం" అని మైకు అందుకున్నాడు.

ప్రార్థన అరగంట సాగింది. కీబోర్డు సన్నగా ఏడుస్తుంటే, సందులోని శబ్దాలన్నింటినీ పేరుపేరునా గద్దించాడు సామేలు. "ఈ వీధిలో మైకులన్నీ మూగబోవును గాక!" అన్నది లాలాపేట్ దాకా వినిపించి ఉంటుంది. చివర్లో ఆమె నోటి దగ్గర మైకు పెట్టారు. ఆమె "ఆమేన్" అంది.

"గట్టిగా చెల్లెమ్మా, గట్టిగా! దేవుడికి వినబడాలి."

పన్నెండింటికి ప్రిస్కిల్లా సంచి తీసుకుని క్యాంపస్‌కి నడిచింది. అంత పెద్ద క్యాంపస్, అన్ని చెట్లు. మొదటి చెట్టు కింద కాబోయే దంపతులు ఫొటోల కోసం ఏడోసారి ఒకరినొకరు మొదటిసారి చూసుకుంటున్నారు. "ఆంటీ, ఫ్రేములకొస్తున్నరు, జర జరుగుండ్రి" అన్నాడు కెమెరా మనిషి. రెండో చెట్టు కింద క్రికెట్టు. రీడింగ్ హాల్లో పోటీ పరీక్షల వాళ్లు. మనుషులు లేని కుర్చీల్లో దస్తీలు. బస్సు కిటికీలోంచి దస్తీ విసిరి సీటు పట్టేవాళ్లు సర్కారు కొలువు దగ్గర మానుతారా? ఒక మూల స్టూలు దొరికింది. గొంతు బాగా తగ్గించి అర పేజీ చదివిందో లేదో, పక్క బల్ల నుంచి ఒక అమ్మాయి వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ష్!"

అచ్చం ఆమె అనేట్టే అంది. ఇరవై రెండేళ్లలో ఆ శబ్దాన్ని ప్రిస్కిల్లా ఎన్నడూ అటునుంచి వినలేదు; అదెంత అవమానంగా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. చెవులు వేడెక్కి బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది.

అయిన ఆరు పేజీలూ పరశురాంకి పంపి, నాలుగింటికి తలొంచుకుని ఫోను చేసింది.

"విన్న అక్కా" అన్నాడు. "మీరు తూము గురించి చెప్తుంటె ఎవరో కిలో ముప్పై అంటున్నరు. అది గూడ రాయాల్నా?"

"నన్ను క్షమించు పరశురాం. ఇంకా ముప్పై రెండు పేజీలున్నాయి. ఈ ఊళ్లో ఎక్కడా..."

"యాడున్నరు?"

"రీడింగ్ హాల్ మెట్ల మీద."

"గాడనే ఉండుండ్రి, వస్తున్న. రికార్డింగు ఎందుకు, నాకే చదువుండ్రి. లొల్లి ఫోన్‌కు అడ్డం గనీ నాకు గాదు. హాస్టల్ల పుట్టినరోజు డీజే నడుమ పడుకునేటోన్ని."

వచ్చి పై మెట్టు మీద కూచున్నాడు. ఆమె సన్నగా మొదలుపెట్టింది. క్రికెట్టు దగ్గర ఎవరో అవుటయ్యారు.

"వినవడ్తలేదక్కా. గట్టిగ."

 అప్పుడు ప్రిస్కిల్లా, రిఫరెన్సు విభాగం ప్రిస్కిల్లా, ఆ మెట్ల మీద గొంతు చించుకుని కట్టలు, తూములు, కాలువలు, నీటి వాటాలు చదివింది. లోపలి నుంచి ఆ అమ్మాయి వచ్చి చూసింది, ఈసారి వేలు పెట్టుకోలేదు. వాక్యం అవగానే పరశురాం దాన్ని తిరిగి అప్పజెప్పేవాడు. తప్పు పోతే ఆమె కసురుకునేది. మెట్ల దగ్గర దీపాలు వెలిగేసరికి ముప్పై ఎనిమిదో పేజీ అయింది.

సోమవారం ఆమె గొంతు పెగల్లేదు. రిఫరెన్సు విభాగంలో ఆ రోజు జరిగినంత అల్లరి మునుపెన్నడూ జరగలేదు. అదే సమయానికి పరశురాం, తన తరఫున రాసే కుర్రాడికి నీటి వాటాల ప్రశ్నకి ఆరు పేజీలు చెప్పాడు. యాభై ఎనిమిది మార్కులొచ్చాయి. హాస్టల్ గది నిలిచింది.

ప్రిస్కిల్లాకి ఇప్పుడు నలభై తొమ్మిది. ఆ సందులోనే ఉంటోంది. ఆదివారాలు సాయంత్రం నాలుగింటికి రీడింగ్ హాల్ మెట్ల మీద, చూపు లేని ముగ్గురు విద్యార్థులకు పైకి చదివి వినిపిస్తోంది.